ఎస్టిమేట్ 60 వేలు, అప్రూవల్ 39 వేలు: సర్వేయర్ కోత ఎక్కడ పడింది?

స్టెప్నీ
కారు వయసు 3 ఏళ్ల 4 నెలలు, 1197 సీసీ పెట్రోల్. కాంప్రహెన్సివ్ ఇన్సూరెన్స్ పాలసీ, జీరో డిప్ (పార్టులకి తరుగు కోత లేకుండా చేసే అదనపు కవర్) లేదు. డివైడర్ తగిలి ఎడమ ముందు భాగం పోయింది. బానెట్ వెనక్కి జరిగి ముందు అద్దం కూడా పగిలింది. వర్క్‌షాప్ ఎస్టిమేట్ 60,000. నష్టం లెక్కేసే సర్వేయర్ వచ్చి ఫొటోలు తీసుకెళ్లాక ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి మెసేజ్: 39,000 అప్రూవ్డ్. మిగతా 21,000 మన జేబులోంచేనట. ఇంత కోత మామూలేనా? ఎవర్ని అడిగినా "డిప్రిసియేషన్ సార్" అనే ముక్క తప్ప ఇంకో మాట రాదు. బండి ఇంకా విప్పలేదు.

డెంట్_పెయింట్
మామూలే. జీరో డిప్ లేకపోతే అంతే. కట్టేసి బండి తెచ్చుకోండి.

లెక్కల_మాస్టారు
అంతే అంటే ఎంత? మొత్తం అంకె చూసి తప్పో ఒప్పో ఎవరూ చెప్పలేరు. ఎస్టిమేట్‌లో ఒక్కో లైనూ ఇక్కడ పెట్టండి.

స్టెప్నీ
ముందు బంపర్ 6,000. గ్రిల్ 2,000. ఎడమ హెడ్‌లైట్ 8,000. బానెట్ 12,000. ఎడమ ఫెండర్ 4,000. ముందు అద్దం 7,000. లేబర్ 7,500. పెయింటింగ్ 12,000. కూలెంట్, క్లిప్పులు, సీలెంట్ కలిపి 1,500.

బ్రేకుల_బాబాయ్
గ్లాసుకి తరుగు (డిప్రిసియేషన్) ఉండదు. హెడ్‌లైట్ కూడా గ్లాసే కదా, అక్కడే ఏదో నొక్కేసి ఉంటారు.

లెక్కల_మాస్టారు
బాబాయ్, ఇప్పటి హెడ్‌లైట్ గ్లాసు కాదు, పాలీకార్బొనేట్. గోరుతో కొట్టి చూడండి, ప్లాస్టిక్ చప్పుడే వస్తుంది. దానికి సగం కోత పడాల్సిందే.

పాత మోటార్ టారిఫ్‌లోని తరుగు పట్టికే ఇప్పటికీ పాలసీల్లో నడుస్తోంది. మీ పాలసీ వర్డింగ్‌లో మొదటి సెక్షన్‌లోనే ఉంటుంది, తీసి చూడండి. రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్, టైర్లు, ట్యూబులు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులు: బండి కొత్తదైనా పాతదైనా 50 శాతం కోత. ఫైబర్ గ్లాస్ 30 శాతం. గ్లాసుకి కోత లేదు. లోహం పార్టులకి మాత్రం వయసును బట్టి: ఆరు నెలల్లోపు కోత లేదు, ఏడాదిలోపు 5, రెండేళ్లలోపు 10, మూడేళ్లలోపు 15, నాలుగేళ్లలోపు 25, అయిదేళ్లలోపు 35, పదేళ్లలోపు 40, ఆపైన 50 శాతం. మీ బండి నాలుగో ఏట ఉంది కాబట్టి 25.

ఇక మీ లైన్లు. బంపర్ 3,000. గ్రిల్ 1,000. హెడ్‌లైట్ 4,000. బానెట్ 9,000. ఫెండర్ 3,000. అద్దం 7,000 మొత్తం వస్తుంది. లేబర్ 7,500 మొత్తం. కూలెంట్, క్లిప్పులు కన్జ్యూమబుల్స్ కింద పోతాయి, వాటికి వేరే యాడ్ ఆన్ ఉండాలి. పెయింటింగ్‌లో మెటీరియల్‌కి మాత్రమే 50 శాతం తరుగు. బిల్లు ఒకే లైనుగా ఉంటే అందులో 25 శాతాన్నే మెటీరియల్‌గా లెక్కేయాలి. అంటే 12,000లో 3,000 మెటీరియల్, దాంట్లో సగం 1,500 పోతుంది, మీకు 10,500 రావాలి.

అన్నీ కలిపితే 45,000. తప్పనిసరి డిడక్టబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సింది, 1500 సీసీ దాకా 1,000 (ఆపైన 2,000). అది పోను 44,000. పాత బానెట్, ఫెండర్ తుక్కు విలువ కింద ఇంకో కొన్ని వందలు పోవచ్చు. 39,000 రావడానికి మాత్రం దారి లేదు. వాలంటరీ డిడక్టబుల్ ఏమైనా పెట్టుకున్నారా? ప్రీమియం తగ్గుతుందని 2,500 నుంచి 15,000 దాకా పెట్టుకుని మర్చిపోతుంటారు.

స్టెప్నీ
వాలంటరీ లేదు, పాలసీ షెడ్యూల్‌లో సున్నా అని ఉంది.

డెంట్_పెయింట్
మాస్టారు లెక్కకి దండం. కానీ ఫెండర్ మార్చడం కాదు, సొట్ట తీసి వాడమని రాసి ఉంటాడు సర్వేయర్. 4,000 పార్టు పోయి ఎనిమిది వందలో వెయ్యో డెంటింగ్ చార్జీ వేస్తాడు. చాలా షీట్లలో కనిపించేది ఇదే.

పాలసీ_పేపర్
లేదా పెయింటు. 12,000కీ సగం కొట్టి 6,000 ఇచ్చి ఉంటే తేడా 4,500. మాస్టారి 44,000లోంచి అది తీసేస్తే 39,500. తుక్కు కింద 500. సరిగ్గా 39,000!

ఊహలెందుకు, అసెస్‌మెంట్ షీట్ అడగండి. పార్టు వారీగా "ఎస్టిమేట్, అసెస్డ్, తరుగు శాతం" అని కాలమ్స్ ఉంటాయి. వర్క్‌షాప్‌లో బాడీషాప్ అడ్వైజర్ దగ్గర కాపీ ఉంటుంది. ఇవ్వకపోతే కంపెనీకి క్లెయిమ్ నంబర్‌తో ఒక మెయిల్ కొట్టండి. ఫోన్లో మాట్లాడింది లెక్కలోకి రాదు.

క్లచ్_కాంతం
ఈలోగా వర్క్‌షాప్ వాళ్లు "పని మొదలుపెట్టేస్తాం, తర్వాత చూసుకుందాం" అంటారు. ఒప్పుకోవద్దు. ఏ పార్టు మార్చాలి, ఏది రిపేరు అన్నది తేలకముందే పాతది విప్పి పక్కన పడేస్తే వాదించడానికి చేతిలో ఏమీ ఉండదు.

స్టెప్నీ
షీట్ దొరికింది. పాలసీ_పేపర్ చెప్పిందే. ఫెండర్ "రీప్లేస్" అనే ఉంది, 25 శాతం కోతతో. పెయింటింగ్ 12,000 ఎదురుగా తరుగు 50 శాతం, అసెస్డ్ 6,000. సాల్వేజ్ (తుక్కు) 500.

బ్రేకుల_బాబాయ్
పాలసీ_పేపర్ గారూ, లాటరీ నంబర్లు కూడా చెబుతారా?

లెక్కల_మాస్టారు
మెయిల్ ఇలా రాయండి: "పెయింటింగ్ ఏకమొత్తం బిల్లు. పాలసీ నిబంధన ప్రకారం మెటీరియల్ భాగం 25 శాతంగా తీసుకుని దానిపై మాత్రమే 50 శాతం తరుగు వేయాలి. అసెస్‌మెంట్‌లో మొత్తం 12,000పై వేశారు. సవరించగలరు." కింద పాలసీ వర్డింగ్‌లో ఆ వాక్యం ఉన్న పేజీ ఫొటో. కోపం, ఉపన్యాసం వద్దు. సర్వేయర్‌కి, కంపెనీ క్లెయిమ్స్ విభాగానికి ఒకే మెయిల్‌లో పంపండి.

డెంట్_పెయింట్
ఒక్క మెలిక. వర్క్‌షాప్ బిల్లులో పెయింటు మెటీరియల్ 9,000, పెయింటు లేబర్ 3,000 అని విడగొట్టి ఉంటే? అప్పుడు 9,000లో సగం, 4,500 కోత. వచ్చేది 10,500 కాదు, 7,500 మాత్రమే.

లెక్కల_మాస్టారు
నిజమే, విడగొట్టిన బిల్లుకి అసలు మెటీరియల్ అంకే వర్తిస్తుంది. అందుకే ఎస్టిమేట్ కాపీ చూసుకోమనేది. ఈయనది ఒకే లైను. ఫైనల్ బిల్లు కూడా అలాగే రావాలని అడ్వైజర్‌కి ముందే చెప్పండి, రెండింటికీ పొంతన లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది.

కొత్త_ఎల్_బోర్డు
ఇదే జీరో డిప్ ఉంటే ఎంత వచ్చేది?

పాలసీ_పేపర్
పార్టులు 39,000 పూర్తిగా, లేబర్ 7,500, పెయింటు 12,000. మొత్తం 58,500. డిడక్టబుల్ 1,000, తుక్కు 500 పోను 57,000. కన్జ్యూమబుల్స్ 1,500 అప్పుడూ రాదు. "బంపర్ టు బంపర్, పైసా కట్టక్కర్లేదు" అని అమ్మేవాళ్ల మాట వినకండి, డిడక్టబుల్ జీరో డిప్‌లోనూ పోతుంది. ఏడాదికి రెండు క్లెయిములే అని చాలా జీరో డిప్ పాలసీల్లో షరతు కూడా ఉంటుంది.

హైవే_హనుమంతు
అందరూ లెక్కల్లో పడ్డారు. డివైడర్ సంగతి ఎవరూ అడగలేదు. రెయిలింగ్, సిమెంటు దిమ్మ విరిగితే రోడ్డు యజమాని నష్టపరిహారం అడగొచ్చు. అది థర్డ్ పార్టీ (ఇతరుల) ఆస్తి నష్టం కిందకి వస్తుంది, ప్రైవేట్ కారుకి మామూలుగా 7.5 లక్షల దాకా కవర్. అక్కడికక్కడే డబ్బిచ్చి, రాసిచ్చి, ఒప్పేసుకోవద్దు. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదని పాలసీలోనే షరతు.

కొత్త_ఎల్_బోర్డు
ఎఫ్‌ఐఆర్ తప్పనిసరా?

హైవే_హనుమంతు
ఎవరికీ దెబ్బ తగలక, సొంత బండికే నష్టమైతే సాధారణంగా అడగరు. మనిషికి గాయమైనా, ప్రాణం పోయినా, బండి దొంగతనమైనా కావాల్సిందే. గాయపడ్డవాళ్లుంటే ముందు వైద్య సాయం, తర్వాత వీలైనంత త్వరగా, 24 గంటలు దాటకుండా స్టేషన్‌కి సమాచారం. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ డ్రైవర్ మీద పెట్టిన బాధ్యత అది. కంపెనీకి చెప్పడం కూడా అందులోనే ఉంది.

బ్రేకుల_బాబాయ్
అవతలి బండి వాడిదే తప్పయితే వాడి ఇన్సూరెన్స్ నుంచి తీసుకోవచ్చుగా? మన పాలసీ ఎందుకు వాడాలి?

పాలసీ_పేపర్
తీసుకోవచ్చు, కానీ వాడి కంపెనీకి ఫోన్ చేస్తే చెక్కు రాదు. మన దేశంలో థర్డ్ పార్టీ క్లెయిమ్ అంటే మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. బంపరు కోసం ట్రిబ్యునల్ చుట్టూ ఎవరు తిరుగుతారు? అందుకే మన పాలసీలోని ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) కవర్ వాడేస్తారు. గాయాల కేసు వేరు, అక్కడ ట్రిబ్యునలే దారి.

క్లచ్_కాంతం
కొత్త_ఎల్_బోర్డు లాంటి వాళ్ల కోసం, ప్రమాదం జరిగిన చోట చేయాల్సింది. బండి కదపకముందు నాలుగు మూలల నుంచి నాలుగు ఫొటోలు, ప్రతి దాంట్లో నంబర్ ప్లేటో, చుట్టుపక్కల రోడ్డో కనపడాలి. తగిలిన వస్తువుని కూడా తీయండి, దాని మీద మీ బండి రంగు అంటుకుని ఉంటుంది, అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. ఓడోమీటర్, పగిలిన చోట దగ్గర ఫొటో. విరిగిన బంపర్ ముక్కలు రోడ్డు మీద వదిలేయకుండా డిక్కీలో వేసుకోండి. రిపేరయ్యాక రీఇన్‌స్పెక్షన్‌లో పాత పార్టులు చూపమంటారు.

ఆ తర్వాత బానెట్ కింద రోడ్డు మీద చూడండి. పచ్చగానో గులాబీ రంగులోనో చుక్కలు పడుతుంటే రేడియేటర్ పోయినట్టే. "దగ్గరే కదా వర్క్‌షాప్" అని నడిపితే ఇంజన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ పోతుంది. బంపర్ డ్యామేజ్‌కి డబ్బిస్తారు, గాస్కెట్‌కి ఇవ్వరు. అది ప్రమాదం వల్ల కాదు, నడపడం వల్ల జరిగిందంటారు. ఆ మాటతో వాదించడం కష్టం.

టోయింగ్_తాత
టోయింగ్ డబ్బులు కూడా పాలసీలో ఉన్నాయి, కారుకి 1,500 దాకా. రసీదు మీద బండి నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది రాయించుకోండి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే ముందు వాళ్లకే చేయండి. ఆటోమేటిక్ బండి అయితే ఫ్లాట్‌బెడ్ మీదే ఎక్కించాలి, ముందు చక్రాలు ఎత్తి లాక్కెళ్తామంటే ఫోర్ వీల్ డ్రైవ్ బండికీ ఒప్పుకోవద్దు.

కొత్త_ఎల్_బోర్డు
వాన నీళ్లలో ఆగిపోతే?

టోయింగ్_తాత
స్టార్ట్ బటన్ జోలికి వెళ్లొద్దు. సిలిండర్లోకి నీళ్లు పోతే పిస్టన్ నీటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. హైడ్రోస్టాటిక్ లాక్ అంటారు. ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ లేకపోతే దానికి రూపాయి రాదు. ఆఫ్‌లోనే ఉంచి, అందితే బ్యాటరీ నెగటివ్ తీసి, టో చేయించాలి.

డెంట్_పెయింట్
క్లెయిమ్ ఫారంలో ప్రమాద వివరం దగ్గర జాగ్రత్త. "కుక్క అడ్డొచ్చింది, తప్పించబోయి" అన్న వాక్యం సర్వేయర్లు రోజూ చదువుతారు. కుక్క నిజంగా వచ్చినా సరే, ఏ వైపు నుంచి, ఎంత వేగం, బండిలో ఏ భాగం దేనికి తగిలిందో రాయండి. వాళ్లు గీత ఎత్తు, దిశ కొలుస్తారు. ఎడమ ముందు దెబ్బకి కుడి వెనక తలుపు సొట్ట కలిపితే అది వేరే ప్రమాదం, వేరే క్లెయిమ్, ఇంకో డిడక్టబుల్ అంటారు.

బ్రేకుల_బాబాయ్
డివైడర్ బండి చుట్టూ ప్రదక్షిణ చేసిందని రాస్తే?

డెంట్_పెయింట్
ఇన్వెస్టిగేటర్ వచ్చి ప్రసాదం ఇచ్చి వెళ్తాడు.

హైవే_హనుమంతు
నవ్వులాటలో అసలుది పోతుంది. డ్రైవర్ పేరు మార్చొద్దు. లైసెన్స్ గడువు తీరినవాడు నడిపాడని ఇంకొకరి లైసెన్స్ పెట్టడం మొత్తం క్లెయిమ్‌ని ముంచుతుంది. మద్యం తాగి నడపడం, సొంత కారుని అద్దెకి తిప్పడం, ఆర్‌సీలో ఎక్కించని సీఎన్‌జీ కిట్, ఇవన్నీ తిరస్కరణకి దారులే. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. థర్డ్ పార్టీ కవర్ తనంతట మారుతుంది గానీ, ఓన్ డ్యామేజ్ మీ పేరుకి రావాలంటే కొన్న 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. పాలసీ పాత ఓనర్ పేరు మీదుంటే డబ్బు మీకెలా ఇస్తారు?

స్టెప్నీ
మెయిల్‌కి జవాబు వచ్చింది. పెయింటు సవరించారు, అప్రూవల్ 43,500. మాస్టారికీ పాలసీ_పేపర్‌కీ థాంక్స్. ఇప్పుడు కొత్త తలనొప్పి: బంపర్ విప్పాక ఏసీ కండెన్సర్ వంగి, లోపలి క్రాష్ బార్ నలిగి ఉంది. ఇవి ఎస్టిమేట్‌లో లేవు.

లెక్కల_మాస్టారు
బిగించనివ్వకండి. వర్క్‌షాప్ సప్లిమెంటరీ ఎస్టిమేట్ పంపాలి, సర్వేయర్ వచ్చో, వీడియోలోనో పాత కండెన్సర్ బండిలోనే ఉండగా చూడాలి. ముందు దెబ్బల్లో ఇది మామూలు, అదనపు పార్టులకి ఇంకో డిడక్టబుల్ పడదు. కండెన్సర్ అల్యూమినియం కాబట్టి 25 శాతం. క్రాష్ బార్ లోహమైతే అదే, ప్లాస్టిక్ అయితే సగం. ప్లాస్టిక్ ట్యాంకు ఉన్న రేడియేటర్ లాంటివైతే సర్వేయర్ విచక్షణ, అడిగి చూడాల్సిందే. ఏసీ గ్యాస్ కన్జ్యూమబుల్స్‌లో కొట్టేసే అవకాశం ఉంది.

కొత్త_ఎల్_బోర్డు
ఇలా పెరుగుతూ పోతే టోటల్ లాస్ అంటారా?

పాలసీ_పేపర్
రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువ) 75 శాతం దాటితేనే. అప్పుడు ఐడీవీ లెక్కన సెటిల్ చేస్తారు. లోన్ ఉంటే డబ్బు ముందు బ్యాంకుకి వెళ్తుంది. స్టెప్నీ గారి బండి ఆ ఛాయలకి కూడా పోలేదు.

క్లచ్_కాంతం
అసలు క్లెయిమ్ వేయాలా వద్దా అన్నదీ ఒకసారి లెక్కేయాలి. ఎన్‌సీబీ (క్లెయిమ్ వేయనందుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఏటా 20, 25, 35, 45, 50 శాతం అని పెరుగుతుంది, క్లెయిమ్ వేస్తే సున్నాకి పడుతుంది. ఇప్పుడు 35 శాతం ఉందనుకోండి, ఎన్‌సీబీ తీయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 అనుకోండి. క్లెయిమ్ వేసినవాడికి వరుసగా 0, 20, 25, 35, 45. వేయనివాడికి 45, తర్వాత అన్నేళ్లూ 50. ఏడాదికేడాది తేడా 3,600, 2,400, 2,000, 1,200, 400. మొత్తం 9,600. ఐడీవీ తగ్గేకొద్దీ ప్రీమియమూ తగ్గుతుంది కాబట్టి నిజంగా ఇంకొంచెం తక్కువే.

ఇప్పుడు బంపర్ ఒక్కటే పోయిన కేసు చూడండి. బంపర్ 6,000, పెయింటు 4,000. వచ్చేది 3,000, 3,500, అందులో డిడక్టబుల్ 1,000 పోను 5,500. దానికోసం తొమ్మిది వేల ఎన్‌సీబీ పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. స్టెప్నీ గారిలా 43,500 వచ్చే చోట ఆలోచించక్కర్లేదు.

డెంట్_పెయింట్
ఎన్‌సీబీ ప్రొటెక్ట్ ఉంటే ఈ లెక్క మారుతుంది.

క్లచ్_కాంతం
మారుతుంది, అది ఎన్ని క్లెయిములకి కాపాడుతుందో చదువుకుంటే. రెన్యూవల్ 90 రోజులు దాటితే ఏ ప్రొటెక్టూ కాపాడదు, ఎన్‌సీబీ మొత్తం పోతుంది.

బ్రేకుల_బాబాయ్
ఒకవేళ వాళ్లు పెయింటు సవరించకపోయి ఉంటే? 4,500 కోసం కోర్టా?

పాలసీ_పేపర్
కోర్టు దాకా అక్కర్లేదు. ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా. తర్వాత బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్, లేదా 155255కి ఫోన్. నెల గడిచినా జవాబు లేకపోయినా, జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలకీ హైదరాబాద్ ఆఫీసే. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు తీసుకుంటారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. నిజానికి మొదటి మెట్టు మీదే చాలావరకు సర్దుకుంటాయి, పేజీ నంబరుతో అడిగితే.

స్టెప్నీ
సప్లిమెంటరీ వీడియోలో చూశారు, కండెన్సర్, క్రాష్ బార్ రెండూ ఒప్పుకున్నారు. డెలివరీ రోజు ఏం చూసుకోవాలి? సంతృప్తి లేఖ మీద సంతకం పెట్టమంటున్నారు.

డెంట్_పెయింట్
సంతకం చివర్న. ఏసీ వేసి ఇంజన్ ఐడిల్‌లో వదలండి, రేడియేటర్ ఫ్యాన్ కనీసం రెండుసార్లు ఆన్ అయి ఆగేదాకా. తర్వాత కింద కాగితం పరిచి చుక్కలు చూడండి. బానెట్‌కీ ఫెండర్‌కీ మధ్య సందు రెండు పక్కలా ఒకేలా ఉందా, బానెట్ ఒక్క నొక్కుతో లాక్ పడుతుందా చూడండి. గోడకి ఎదురుగా నిలిపి హెడ్‌లైట్ల ఎత్తు సమానమో కాదో. రంగు ఎండలోనే చూడాలి, షెడ్డులో ట్యూబ్‌లైట్ కింద అన్ని తెలుపులూ ఒకటే. పైపు కొట్టి అద్దం అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయేమో కూడా. ఇవన్నీ ఎండ ఉండగానే చేయాలి, సాయంత్రం ఆరింటికి డెలివరీ అంటే మర్నాటికి మార్పించుకోండి.

టోయింగ్_తాత
ఫాస్టాగ్ పాత అద్దంతోనే పోయింది. కొత్తది తీసుకునే ముందు పాతదాంట్లో బ్యాలెన్స్ సంగతి ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుని అడగండి.

స్టెప్నీ
అయ్యో, అది ఎవరూ చెప్పలేదు.